రాస్పాదో కొట్టుకి మొదటిసారి వెళ్తున్నారా? ఆర్డర్ నుంచి ఆఖరి చెంచా దాకా

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఎండలు ముదరగానే నన్ను ఒకటే అడుగుతారు: "మా ఇంటి దగ్గర మెక్సికన్ ఐస్ గోలా కొట్టు ఉంది. లోపలికెళ్తే బోర్డు మీద ఒక్క ముక్క అర్థం కాదు. ఏది వెజ్, ఏది కాదు? ఎలా అడగాలి?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో చెప్పీ చెప్పీ, ఇక వరసగా రాసేద్దామని కూర్చున్నాను. ఇర్వింగ్, గార్లండ్, ఓక్ క్లిఫ్ వైపు చిన్న చిన్న కొట్లలో తిని తెలుసుకున్న సంగతులివి. ఈ మెక్సికన్ గోలా పేరే రాస్పాదో. శాన్ ఆంటోనియో వైపు దాన్ని "రాస్పా" అంటారు. పేర్లు అటూ ఇటూ అయినా పద్ధతి ఇదే.

ఈ కొట్లలో రుచి సగం వరసలోనే ఉంటుంది. ఏది ముందు అడిగాం, ఏది వద్దన్నాం, ఏది ముందు తిన్నాం అన్నది చూసుకుంటే చాలు.

1. బయల్దేరే ముందు

ఆదివారం మధ్యాహ్నం, ఎండాకాలం సాయంత్రాలు రద్దీ ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లు మామూలు రోజు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య వెళ్లండి. కౌంటర్ దగ్గర నిలబడి బోర్డు చదువుకోవడానికి, రెండు ప్రశ్నలు అడగడానికి టైము దొరుకుతుంది. వెనక పదిమంది నిలబడితే ఎవరికైనా టెన్షనే, నోటికొచ్చింది చెప్పేస్తాం.

చలికాలంలో వేళలు తగ్గించే కొట్లు ఉన్నాయి. వారంలో ఒకరోజు మూసేవి కూడా ఉన్నాయి. ఫోన్ చేసి కనుక్కుంటే దారి ఖర్చు మిగులుతుంది.

వెంట ఉండాల్సినవి:

- కొంత నగదు. కార్డు తీసుకోని చిన్న కొట్లు ఇంకా ఉన్నాయి, టిప్పు డబ్బాలో వేయడానికీ పనికొస్తుంది.
- తడి టిష్యూలు. చమోయ్ అనే ఎర్రటి చిక్కటి సాస్ వేళ్లకి అంటితే పొడి టిష్యూతో పోదు.
- మంచినీళ్ల సీసా.
- తెల్ల చొక్కా వద్దు. ఇది సరదాకి అనట్లేదు.

బోర్డు మీద రేటుకి పైన సేల్స్ టాక్స్ పడుతుంది. డాలస్, ఇర్వింగ్‌లలో అది 8.25 శాతం. నలుగురికి లెక్క వేసుకునేటప్పుడు అది కలుపుకోండి.

2. బోర్డు చదవడం

బోర్డు మీద యాభై పేర్లున్నా కంగారు పడకండి. అన్నీ నాలుగు గుంపుల్లో సర్దుకుంటాయి.

2.1 రాస్పాదో

స్పానిష్‌లో "రాస్పార్" అంటే గీరడం. ఐసు గడ్డని మెత్తగా గీరి, కప్పులో నింపి, పైన పాకం పోస్తారు. మన గోలాకి చుట్టమే, కాకపోతే పుల్ల ఉండదు, చెంచాతో తింటాం.

పాకాలు రెండు రకాలు: నీళ్లవి, పాలవి. నీళ్ల పాకాల్లో తమరిందో (చింతపండు), లిమోన్ (మన పచ్చ నిమ్మకాయ లాంటిది), పీన్యా (అనాస), ఫ్రేసా (స్ట్రాబెర్రీ), గ్వయాబా (జామ), గ్వనాబనా (మన లక్ష్మణ ఫలం) కనిపిస్తాయి. పాల పాకాల్లో కోకో (కొబ్బరి), న్వెస్ (పెకాన్ గింజ), వయినీయా (వెనిల్లా), రొంపోపే (గుడ్డు, పాల పానీయం రుచి) ఉంటాయి. పైన కాస్త "లెచేరా" పోయమంటే చిక్కటి తీపి పాలు పోస్తారు, అంటే మన మిల్క్‌మెయిడే.

హమాయ్కా గురించి విడిగా చెప్పాలి. బోర్డు మీద జమైకా దేశం పేరులాగే రాసి ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం మొదటి అక్షరం "హ". అది గోంగూర మొక్కదే. మనం ఆకు పచ్చడి చేసుకుంటాం, వాళ్లు పువ్వు అడుగున ఉండే ఎర్రటి దళసరి రేకుల్ని ఎండబెట్టి, ఉడికించి, చక్కెర కలుపుతారు. మొదటి చెంచాకే నాలుకకి తెలిసిపోతుంది, ఈ పులుపు ఎక్కడో తగిలిందే అని.

2.2 చమోయ్ వేసినవి

మంగొనాదా, చమోయాదా, దియబ్లీతో అనే పేర్లు కనిపిస్తే అందులో చమోయ్ ఉంటుంది. చమోయ్ అంటే ప్లం, ఆప్రికాట్ లాంటి పండ్లని ఉప్పు, ఎండుమిర్చి, నిమ్మరసం, చక్కెరతో కలిపిన ఎర్రటి చిక్కటి సాస్. సీసాల్లో వచ్చే చవక రకాల్లో కొన్నింట్లో అసలు పండే ఉండదు, రంగూ పులుపూ మాత్రమే ఉంటాయి.

రుచి ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. బడి బయట కొనుక్కున్న రేగి వడియం గుర్తుందా? ఉప్పు, పులుపు, కారం, వెనకాల తీపి. దాన్ని నీళ్లలో కరిగించి సాస్ చేస్తే ఇంచుమించు ఇదే.

మంగొనాదాలో మామిడిపండు ఐసు, ముక్కలు, మధ్యమధ్య చమోయ్, అంచుకి తహీన్ ఉంటాయి. చింతపండు, మిరప్పొడి చుట్టిన ఒక పుల్ల గుచ్చి ఇస్తారు. తహీన్ అంటే మిరప్పొడి, నిమ్మ, ఉప్పు కలిపిన పొడి. 1985 నుంచి మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో తయారవుతున్న బ్రాండ్ అది. దాని కారం మన నాలుకకి ఓ లెక్క కాదు, పులుపే ముందు తగులుతుంది. అసలు కారం కావాలంటే కౌంటర్ మీద వలెంతీనా అనే కారం సాస్ సీసా ఉంటుంది. పసుపు లేబుల్ మామూలుది, నల్ల లేబుల్ ఘాటుది.

2.3 ఉప్పూకారం తిండి

- ఎలోతే: మొక్కజొన్న పొత్తుకి మయొనీజ్ పూసి, పొడి జున్ను అద్ది, కారం, నిమ్మరసం వేస్తారు.
- ఎస్కీతేస్, లేదా "ఎలోతే ఎన్ వాసో": అవే గింజలు కప్పులో. మొదటిసారికి ఇదే సుఖం, మీసాలకీ బుగ్గలకీ అంటదు.
- తోస్తిలోకోస్: చిప్స్ ప్యాకెట్‌ని నిలువుగా కాకుండా పక్కకి కోసి, అందులోనే దోసకాయ, హీకమా, వేరుశనగ, సాసులు వేసి ఇస్తారు. హీకమా ఒక దుంప. పచ్చిగా తింటే ఆపిల్‌లా కరకరలాడుతుంది, నీరు ఎక్కువ, తీపి తక్కువ.
- చిచరోన్ ప్రెపరాదో: పెద్ద అప్పడం లాంటి దాని మీద క్యాబేజీ, క్రీము, అవకాడో, సాస్ పరుస్తారు. దీని సంగతి మూడో భాగంలో తప్పకుండా చదవండి.
- దూరోస్: పెళ్లి భోజనాల్లో వేసే చక్రాల గొట్టాలే. గోధుమపిండివి. నిమ్మరసం, వలెంతీనా చల్లుకుని తింటారు. మన ఇళ్లలో ఈ అలవాటు ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

2.4 పండ్లు, చల్లటి పానీయాలు

కప్పులో కోసిన మామిడి, పుచ్చకాయ, దోసకాయ, హీకమా మీద నిమ్మ, తహీన్ చల్లి ఇస్తారు. బియోనికో అంటే పండ్ల ముక్కల మీద తియ్యటి క్రీము, గ్రనోలా, కొబ్బరి, కిస్‌మిస్. ఓర్చాతా అంటే బియ్యం నానబెట్టి రుబ్బి, దాల్చినచెక్క, చక్కెర కలిపిన పానీయం. ఏమీ తోచకపోతే ఇవే తీసుకోండి.

ఇంకో సంగతి. పండ్ల లిస్టులో "తూనా" అని కనిపిస్తే చేప అనుకుని పరిగెత్తకండి. అది నాగజెముడు పండు.

3. మాంసం, గుడ్డు ఎక్కడెక్కడ దాక్కుంటాయి

ఇది నా తప్పుతో నేర్చుకున్న పాఠం. మా అత్తయ్య విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఒక కొట్టుకి తీసుకెళ్లాను. ఆవిడ ఉల్లి, వెల్లుల్లి కూడా ఆచితూచి తినే మనిషి. తోస్తిలోకోస్ అడిగితే కౌంటర్లో అమ్మాయి "కోన్ తోదో?" అంది. పెద్ద తెలిసినదానిలా తలూపాను. "అన్నీ వేయమంటావా?" అని దానికి అర్థం. ప్యాకెట్ వచ్చింది. అత్తయ్య పైనున్న సన్నటి తెల్లటి ముక్కని వేలితో ఎత్తి వెలుతురులో చూసింది. కాస్త మెరుస్తోంది, అవతల వైపు లీలగా కనిపిస్తోంది. "లేత కొబ్బరా అమ్మా?" అంది. నోట్లో పెట్టుకోబోతుంటే అనుమానం వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాను. అవి క్వెరీతోస్. వెనిగర్‌లో ఊరబెట్టిన పంది తోలు. కొట్టువాళ్లు అడిగే వేశారు, తప్పంతా నాదే.

కాబట్టి ఈ లిస్టు ఫోన్‌లో దాచుకోండి:

- క్వెరీతోస్: పంది తోలు. తోస్తిలోకోస్‌లో, చిచరోన్ మీద మామూలుగానే వేస్తారు.
- చిచరోన్: అసలు అర్థం వేయించిన పంది తోలు. "చిచరోన్ దే అరీనా" అని ఉంటేనే గోధుమపిండిది. రెండిటినీ ఒక్క పేరుతోనే పిలుస్తారు కాబట్టి అడిగి తీరాలి.
- కప్పు నూడుల్స్ మీద మొక్కజొన్న, చీజ్ వేసి ఇచ్చేవి: నూడుల్స్ మసాలాలో కోడి, గొడ్డుమాంసం, రొయ్యల రుచులు ఉంటాయి. శాకాహారులు వదిలేయండి.
- ఫ్రీతో పై (మొక్కజొన్న చిప్స్ మీద చిల్లీ పోసినది), చిల్లీ నాచోస్: చిల్లీ అంటే ఇక్కడ మిరపకాయ కాదు, ఎక్కువగా గొడ్డుమాంసం కూర.
- రుబ్బిన బీన్స్: పంది కొవ్వుతో వండే అలవాటు ఉంది.
- మయొనీజ్: గుడ్డు ఉంటుంది. ఎలోతేలో తప్పనిసరిగా వేస్తారు, వద్దంటే మానేస్తారు.
- రొంపోపే: గుడ్డు పచ్చసొన, పాలతో చేసే పానీయం. ఇంటి తయారీలో రమ్ము కూడా పడుతుంది. కొట్లో వాడేది ఉత్త ఫ్లేవర్ కావచ్చు, అడగండి.
- గోమీతాస్ (కారం పూసిన జెల్లీ మిఠాయిలు), హెలాతీనా (జెల్లీ): జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది.
- కొతీహా జున్ను: పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడే రకాలున్నాయి. పట్టింపు ఉన్నవాళ్లు "సిన్ కేసో" (జున్ను వద్దు) అనండి.

"సిన్ కార్నే" (మాంసం వద్దు) అని ఊరుకుంటే సరిపోదు. చాలామంది వాడుకలో కార్నే అంటే గొడ్డుమాంసమే, కోడి, పంది ఆ లెక్కలోకి రావు. పేరు పెట్టి అడగాలి.

4. ఆర్డర్ చెప్పే క్రమం

టెక్సస్‌లో కౌంటర్ దగ్గర వాళ్లకి చాలాచోట్ల ఇంగ్లీషు బాగానే వస్తుంది. అయినా ఈ నాలుగు ముక్కలు నేర్చుకుంటే పొరపాట్లు తగ్గుతాయి. వయసులో పెద్దావిడ ఉంటే "సెన్యోరా" అనండి. మనం ఆంటీ అన్నట్టే.

ఒకటి, ముందు వేడిది చెప్పండి. ఎలోతే, ఎస్కీతేస్ చెప్పి, తెచ్చుకుని, తినేయండి. రాస్పాదో అప్పుడే చెప్పకండి. రెండూ ఒకేసారి వస్తే ఒకటి చల్లారిపోతుంది, ఇంకోటి కరిగిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకే బిల్లులో అన్నీ చెప్పేసి, ఎర్రటి నీళ్లు తాగి వచ్చేవాళ్లని చాలామందిని చూశాను.

రెండు, వద్దన్నవి ముందు, కావాల్సినవి తర్వాత. వాళ్ల చేతులు చాలా వేగం. మీరు వాక్యం ముగించేలోపు మయొనీజ్ పడిపోతుంది.

మూడు, సైజు: చీకో (చిన్నది), మెదియానో, గ్రాందే. మొదటిసారి చిన్నదే. అమెరికాలో చిన్నదంటే మనకి మధ్యరకం.

నాలుగు, పాకం కింద, మధ్యలో, పైన మూడు చోట్లా పోయమని చెప్పండి. మంచి కొట్లలో చెప్పకుండానే పోస్తారు. చెప్పాల్సి వస్తే కప్పు సగం నిండగానే వేలు చూపించి అడగండి.

అయిదు, చమోయ్ మొదటిసారి విడిగా చిన్న గిన్నెలో అడగండి. వాళ్లేమీ అనుకోరు. నచ్చితే మీరే పోసుకుంటారు.

అక్కరకొచ్చే మాటలు:

- "ఊన్ రాస్పాదో దే తమరిందో, చీకో, పోర్ ఫవోర్": చిన్న చింతపండు రాస్పాదో ఒకటి ఇవ్వండి
- "సిన్ క్వెరీతోస్": పంది తోలు వద్దు
- "సిన్ మయొనేసా, సిన్ వేవో": మయొనీజ్ వద్దు, గుడ్డు వద్దు
- "నో కోమో కార్నే, నీ పోయో, నీ ప్వెర్కో": మాంసం, కోడి, పంది ఏదీ తినను
- "యేవా ప్వెర్కో?": ఇందులో పంది ఉందా?
- "ఎస్ దే అరీనా?": ఇది పిండిదేనా?
- "కోన్ పొకీతో చీలే": కారం కొంచెమే
- "చమోయ్ అపార్తే": చమోయ్ విడిగా
- "మాస్ లిమోన్": ఇంకాస్త నిమ్మరసం
- "పారా యెవార్": ఇంటికి తీసుకెళ్తాం

"కోన్ తోదో?" అని వినిపిస్తే చెయ్యి అడ్డం పెట్టి "నో, నో" అనండి. అది ఒక్కటి గుర్తున్నా ఈ వ్యాసం పని అయిపోయినట్టే.

5. తినే క్రమం

రాస్పాదో చేతికి రాగానే ఫొటోలు మొదలెట్టకండి. చమోయ్, తహీన్ వేసినది ఇంకా తొందరగా కరుగుతుంది, ఉప్పు తగిలిన ఐసు ఆగదు. పది నిమిషాలలో సగం అవ్వాలి.

ముందు పైన రెండు చెంచాలు తినండి. తర్వాత చెంచాని కప్పు అంచు వెంబడి అడుగు దాకా దింపి, పైకి లేపండి, కలపకండి. కలిపితే ఐసు అంతా ఒక్కసారే నీళ్లైపోతుంది. అడుగున చేరిన చిక్కటి పాకం ఇలా పైకి వస్తుంది. ఇంటి తయారీ చింతపండు పాకమైతే అడుగున పీచు, ఒక్కోసారి గింజ కూడా తగులుతుంది. అది మంచి గుర్తే, పళ్లు మాత్రం జాగ్రత్త.

మిగిలిన నీళ్లు చివర్లో స్ట్రాతో తాగేయడమే. స్ట్రా ముందే పెడితే పాకం అంతా మీరు తాగేస్తారు, ఉత్త తెల్ల ఐసు మిగులుతుంది.

మంగొనాదాలో చింతపండు పుల్లని కొరకొద్దు. మామిడి ఐసులో ముంచి చప్పరించాలి.

కలపకూడదన్న మాట ఎస్కీతేస్‌కి వర్తించదు. దాన్ని అడుగంటా బాగా కలపాలి. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాకే నిమ్మరసం, ఉప్పు చాలాయో లేదో తెలుస్తుంది.

6. మామూలుగా జరిగే తప్పులు, వెంటనే చేయాల్సినవి

కారం ఎక్కువైంది. నీళ్లు తాగితే నోరంతా పాకుతుంది. లెచేరా ఒక చెంచా, లేదా పాలు కలిపిన ఓర్చాతా తీసుకోండి. కారం పాలకి లొంగుతుంది.

చమోయ్ ఉప్పగా ఉంది. మళ్లీ ఐసు, ఇంకాస్త మామిడి పాకం వేయమనండి. కొద్దిగా డబ్బు తీసుకుంటే తీసుకుంటారు.

నుదురు జివ్వుమంది. అంగిలికి చలి తగలడం వల్ల వచ్చే నొప్పి. నాలుకని అంగిలికి గట్టిగా ఒత్తి పట్టుకోండి, నిమిషంలో సర్దుకుంటుంది. పిల్లలకి ఈ చిట్కా ముందే చెప్పండి.

పాకం చప్పగా, మందు వాసనలా ఉంది. అది రంగు సీసా పాకం. తర్వాతిసారి "దే ఫ్రూతా నతురాల్?" (అసలు పండుతో చేసిందేనా?) అని అడగండి. అసలు పండుతో చేసినవి ఒకటో రెండో ఎక్కడైనా ఉంటాయి. ఎక్కువసార్లు అవి చింతపండు, మామిడి, స్ట్రాబెర్రీ అవుతాయి. నీలం రంగువి చూసి మోసపోకండి.

వద్దన్నది వేసేశారు. తీసేసి ఇవ్వమనకండి, రసం అప్పటికే అంటుకుని ఉంటుంది. "ఓత్రో, పోర్ ఫవోర్" (ఇంకోటి ఇవ్వండి) అని నెమ్మదిగా చెప్పండి. నవ్వుతూ చెప్తే దాదాపుగా మార్చి ఇస్తారు.

7. పిల్లలు, షుగరు, అలర్జీలు

రాస్పాదో అంటే చక్కెర పాకమే, దాన్ని దాచడానికి లేదు. షుగరు ఉన్నవాళ్లకి దోసకాయ, హీకమా, నిమ్మ, తహీన్ కప్పు బాగుంటుంది, బీపీ కూడా ఉంటే తహీన్ కూడా తగ్గించండి.

వేరుశనగ అలర్జీ ఉంటే తోస్తిలోకోస్‌లో పడే "జపనీస్ వేరుశనగ" చూసుకోండి. దాని పైపూతలో గోధుమపిండి ఉంటుంది కాబట్టి గ్లూటెన్ పడనివాళ్లకీ అది వద్దు. మసపాన్ అంటే ఇక్కడ మామూలుగా వేరుశనగ మిఠాయే. న్వెస్ అంటే పెకాన్.

చింతపండు, మిరప్పొడి మిఠాయిలు చిన్నపిల్లలకి అలవాటు చేయకండి. కొన్నింట్లో సీసం బయటపడ్డాక, పిల్లలు తరచూ తినే మిఠాయిల్లో అది పది లక్షల భాగాల్లో 0.1 భాగం మించకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2006లో పరిమితి సూచించింది. ఎప్పుడో ఒకసారి పుల్ల చప్పరిస్తే కొంపలేమీ మునగవు, రోజూ డబ్బా పక్కన పెట్టుకోవడం వేరు.

8. ఇంటికి తీసుకెళ్లాలంటే

రాస్పాదో ప్రయాణానికి పనికిరాదు. పది నిమిషాల దూరం దాటితే మానేయండి. ఎవరైనా జ్వరంతో ఇంట్లో ఉండి తప్పదంటే, ఐసు ఒక కప్పులో, పాకం మూత ఉన్న ఇంకో కప్పులో అడగండి. ఐసు కప్పుని ఫోమ్ డబ్బాలో పెట్టి, ఇంటికెళ్లాక పోసుకోండి.

ఎస్కీతేస్ మాత్రం నిక్షేపంగా వస్తుంది. జున్ను, కారం విడిగా కట్టించుకోండి. తోస్తిలోకోస్ అయితే కారులోనే తినేయాలి, ఇంటికి చేరేసరికి చిప్స్ మెత్తబడి అటుకుల ఉప్మాలా అవుతాయి.

మా ఇంట్లో మిగిలిపోయేది ఎప్పుడూ చమోయ్ గిన్నె ఒక్కటే. మర్నాడు దోర జామకాయ కోసి అందులో అద్దుకుంటాం. ఆ రోజు చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చిన అత్తయ్య, విజయవాడ తిరిగి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో రెండు తహీన్ సీసాలు పెట్టించుకుంది.